పాసోవర్ సరుకుల ప్యాకింగ్: ఈ ఆదివారం

అందరికీ నమస్కారమండీ. మన క్వీన్స్‌లోని యూదుల ఫుడ్ ప్యాంట్రీ (ఉచితంగా సరుకులు పంచే కేంద్రం) వాళ్లు ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు పాసోవర్ (యూదుల ఎనిమిది రోజుల పండుగ) సరుకులు సర్దుతున్నారు, మనమూ ఓ చెయ్యి వేద్దాం.

ఆదివారం ఉదయం 10కి ప్యాంట్రీ దగ్గరికి రండి. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి, పిల్లల్నీ తీసుకురావచ్చు.

ముఖ్యంగా ఒక మాట. ఇంట్లో వండినవి, గోధుమపిండి, బియ్యం, పప్పులు తేవద్దు. పండుగ ఎనిమిది రోజులూ దాన్ని పాటించే యూదులు గోధుమ లాంటి ధాన్యాలతో చేసిన పులిసిన పదార్థాలు, పులిసే అవకాశమున్న పిండి ఇంట్లో కూడా ఉంచుకోరు, చాలామంది అన్నం, పప్పు కూడా ముట్టరు. ‘కోషర్ ఫర్ పాసోవర్’ (ఈ పండుగకు తినదగినవి) అనే ముద్ర ఉన్న సీల్డ్ ప్యాకెట్లే ప్యాంట్రీ వాళ్లు తీసుకుంటారు, అవి మామూలు సరుకుల కంటే ఖరీదు కాబట్టి డబ్బు ఇస్తేనే వాళ్లకు ఎక్కువ ఉపయోగం.

ఇలాంటి విరాళాల సాయంతో యూదుల సంస్థలు ఏడాది పొడవునా ఒంటరి వృద్ధులకు భోజనాలు, కౌన్సెలింగ్, శరణార్థులకు సాయం అందిస్తాయి. మన న్యూయార్క్‌లోని హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ 1892 నుంచి వడ్డీ లేని అప్పులిస్తోంది, యూదులు కానివాళ్లకు కూడా! అందుకే మనవంతు ఇవ్వాలని నాకు గట్టిగా ఉంది.

మర్చిపోకండి: 250 డాలర్లు, ఆపైన ఇస్తే ట్యాక్స్ కోసం రసీదు తప్పకుండా అడగండి. మీ ఆఫీసులో మ్యాచింగ్ (మీ విరాళానికి తోడు కంపెనీ కూడా ఇవ్వడం) ఉందేమో కూడా కనుక్కోండి.