ముందు పాల సంగతి చూడు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నీ గొంతు వింటే బాధేసింది. మూడు బ్యాచ్‌ల పెరుగు చక్కగా తోడుకున్నా, రెండో వారానికల్లా అందులో బతికున్న బైఫిడోబ్యాక్టీరియా (కడుపుకి మేలు చేసే సూక్ష్మజీవులు) లెక్క పడిపోతోందన్నావు. కల్చర్ (తోడు వేసే సూక్ష్మజీవుల మిశ్రమం) మార్చేస్తానన్నావు. మార్చకు. ముందు పాల సంగతి చూడు.

నేను ప్లాంటులో చేరిన కొత్తలో ఒకరోజు ట్యాంకు ట్యాంకంతా తోడుకోలేదు. అందరం కల్చర్‌నే తిట్టాం. తీరా పరీక్ష చేస్తే పాలలో యాంటీబయాటిక్ ఉంది. పొదుగువాపు వచ్చిన ఆవుకి మందు వేసి, గడువు తీరకుండానే ఆ పాలు కలిపేశారు. అప్పటినుంచీ ఏ బ్యాచ్ పోయినా నేను మొదట పాలనే అనుమానిస్తాను.

నీ బైఫిడోబ్యాక్టీరియాకి పాలలో బతకడం కష్టం. పాలలోని ముఖ్యమైన ప్రోటీన్ కేసీన్‌ని విడగొట్టుకుని తినే శక్తి వాటికి తక్కువ, చిన్న పెప్టైడ్లు (ప్రోటీన్ ముక్కలు) దొరికితేనే బాగా పెరుగుతాయి. ఆక్సిజన్ అసలే పడదు. అందుకే పాలు కాచే పద్ధతి అంత ముఖ్యం. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచితే రోగక్రిములు చస్తాయి, అంతే. 85 దగ్గర అరగంట గానీ, 90–95 దగ్గర 5 నిమిషాలు గానీ ఉంచితే కరిగి ఉన్న ఆక్సిజన్ చాలావరకు పోతుంది. వే ప్రోటీన్లు (పాలు విరిగితే వచ్చే నీటిలో ఉండే ప్రోటీన్లు) విచ్చుకుని కేసీన్‌ని పట్టుకుంటాయి, పెరుగు గట్టిగా వస్తుంది, నీరు విడవదు. కానీ చల్లారాక మిక్సర్‌తో గిలక్కొడితే పోయిన గాలి మళ్లీ చేరుతుంది. నువ్వు కల్చర్‌ని అలాగే కలిపానన్నావు, నా అనుమానం అక్కడే.

ఇంకోటి. వెన్న తీసిన పాలు వాడి, పొడి కలపలేదన్నావు కదా. వెన్న కాని ఘనపదార్థం 9 శాతం దగ్గరే ఉంటే పాలకి పులుపుని తట్టుకునే శక్తి తక్కువ, పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) గబగబా దిగిపోతుంది. పాలపొడి కలిపి 12 దాకా తీసుకెళ్లు. కొంచెం వే ప్రోటీన్ పొడి కలిపినా నీ బైఫిడోబ్యాక్టీరియాకి తిండి దొరుకుతుంది.

పీహెచ్ 4.6కి రాగానే చల్లబరిచి 4 డిగ్రీల్లో పెట్టు. ఆలస్యం చేస్తే కల్చర్‌లో పెరుగుని తోడుపెట్టే బల్గారికస్ అనే బ్యాక్టీరియా పులియబెడుతూనే ఉంటుంది. చలిలో కూడా అది పూర్తిగా ఆగదు, అందుకే దాన్ని తక్కువ వేయి. పెరుగు గడువు ఆఖరి రోజున కూడా గ్రాముకి కనీసం 10 లక్షల బైఫిడోబ్యాక్టీరియా బతికుండాలి మరి.

అన్నీ ఒకేసారి మార్చకు. ఈ బ్యాచ్‌లో గిలక్కొట్టడం మానేసి చూడు, వచ్చేదాంట్లో పొడి కలుపు. ఏడో రోజు, పద్నాలుగో రోజు లెక్కలు నాకు పంపు, కూర్చుని చూస్తాను.

నాన్న