మిరప చేలో పనిచేసే ఆ అక్కకి, ఇంకా అందరికీ

నిన్న రాత్రి పదకొండు దాటాక హాస్టల్‌కి చేరాం. ముఖం కూడా కడుక్కోకుండా పడి నిద్రపోయాను. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. గొంతు పోయింది. రేపటి నుంచి మళ్లీ పోస్టింగ్. అయినా ఇది ఇవాళే రాయాలి. నాలుగు రోజులు ఆగితే పనుల్లో పడి మర్చిపోతానేమోనని భయంగా ఉంది.

మార్చి 8తో ముగిసేలా వారం రోజుల పాటు మా మెడిసిన్ ఫైనలియర్ వాళ్లం గుంటూరు వైపు పల్లెల్లో ఆడవాళ్ల ఆరోగ్య వారం చేశాం. రక్తహీనత పరీక్షలు, రొమ్ములో గడ్డలు ఎవరికి వారు ఎలా చూసుకోవాలో చెప్పడం, 30 ఏళ్లు దాటినవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్, ఆడపిల్లలతో నెలసరి గురించి మాట్లాడటం. రెండు నెలల నుంచి దీని కోసమే తిరుగుతున్నాం.

మొదటి రెండు రోజులు మేం ఎవరి కోసం వెళ్లామో వాళ్లెవరూ రాలేదు. ముసలమ్మలు వచ్చారు, బీపీ చూపించుకుని వెళ్లారు. స్కూలు వరండాలో పది నుంచి మూడింటి దాకా కూర్చుని కూర్చుని వచ్చేశాం. ఈ ఊళ్లో ఆడవాళ్లకు అవగాహన లేదని మాలో ఒకరిద్దరు విసుక్కున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, అబద్ధం చెప్పను.

రెండో రోజు సాయంత్రం సామాన్లు సర్దుకుంటుంటే రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. లోపల పదిహేను మంది దాకా ఆడవాళ్లు. చీరల మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు, తలకు తువ్వాళ్లు, అందరి దగ్గరా మిరపకాయల ఘాటు. ముందు కూర్చున్నావిడ దిగి మా బ్యానర్ చూపించి, "ఏం రాసినారు మా, దీంట్లో?" అని అడిగింది. చెప్పాను. మొత్తం వింది. "పగలు పది గంటలకు ఆడోళ్లు ఇండ్లల్లో యాడుంటారు పాపా? తెల్లారి ఆరింటికే చేన్లో ఉంటాం. రేపు మాపటికి మా గుడారాల కాడికి రాండి. అందర్నీ నేను కూసోబెడతా" అంది.

రెండు నెలలు మీటింగులు పెట్టుకున్నాం. ఈ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆవిడ ముఠా మేస్త్రి. కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి ఏటా మిరపకోతలకు ముఠా కట్టుకుని వస్తారు. అక్కడ వానలు లేక, పనుల్లేక, పిల్లల్ని కూడా వెంటేసుకుని వచ్చి చేల గట్ల మీద, కల్లాల పక్కన టార్పాలిన్లు కట్టుకుని నెలల తరబడి ఉంటారు. ఆవిడ పేరు రాయడం లేదు. ఫోటో కూడా వద్దంది.

మూడో రోజు నాలుగున్నరకు వెళ్లేసరికి గుడారాల ముందు నలభై మంది దాకా వరసగా కూర్చుని ఉన్నారు. రైతుతో మాట్లాడి గంట ముందే చేలోంచి దింపిందట. ఆ గంట కూలి ఎవరికీ కోయొద్దు, నా మేస్త్రి డబ్బుల్లోంచి పట్టుకో అని రైతుతో చెప్పిందని తర్వాత వేరే ఆమె చెబితే తెలిసింది. ఆవిడ మాత్రం మాకు ఒక్క ముక్క చెప్పలేదు.

రక్తపరీక్ష మొదలుపెట్టాం. మొదటామె వేలికి స్పిరిట్ దూది తగలగానే ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది. అప్పుడు చూశాను ఆ వేళ్లు. గోళ్ల చుట్టూ చర్మం పగిలి ఎర్రగా ఉంది, పగుళ్లలోకి కారం దిగిపోయి ఉంది. రోజంతా మిరపకాయలు కోసిన చేతులు మరి. అలాంటి వేలి మీద స్పిరిట్ రాసి సూది గుచ్చుతున్నాం. ఏం చేయాలో తోచక నేను ఆగిపోయాను. మేస్త్రి అక్క లోపలికెళ్లి కొబ్బరినూనె సీసా, పాత గుడ్డ పట్టుకొచ్చి కింద చతికిలబడింది. ఒక్కొక్కరి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ప్రతి వేలికీ నూనె రాసి, మెల్లగా తుడిచి, సబ్బుతో కడిగించి అప్పుడు నా దగ్గరికి పంపింది. కారం నీళ్లతో పోదు, నూనెకే వదులుతుంది. మేం పుస్తకంలో చదివిన సంగతే, ఆ పూట గుర్తొచ్చింది మాత్రం ఆవిడకి. నలభై ఒక్క మంది చేతులు. నడుం పట్టేసి మధ్యలో రెండుసార్లు లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది.

ఆ నలభై ఒక్క మందిలో ముప్పై ముగ్గురికి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ. ఒకామెకి 6.4. ఇది చాలా తక్కువ, వెంటనే ఆస్పత్రికి రావాలని చెబితే ఆమె అడిగిన మొదటి మాట, "రేపు పనికి పోవచ్చా?"

దానికి జవాబు వెతుక్కుంటూ, చెమట పట్టి, గ్లవ్స్ తీసేసిన చేత్తో కన్ను తుడుచుకున్నాను. అంతే. నిప్పు పెట్టినట్టయింది. కళ్లు తెరవలేను, ఏమీ కనబడదు. ఎవరో నా తల పట్టుకుని ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. చెంబుతో కంట్లో నీళ్లు పోస్తూనే ఉన్నారు. పళ్లు బిగబట్టి ఓర్చుకుంటుంటే చెవి దగ్గర ఆవిడ గొంతు: "ఏడ్సు పాపా, ఆపుకోవాకు. ఏడిస్తేనే పోతాది."

ఏడ్చాను. కారానికి ఒక్కదానికే కాదు. రెండు నెలలు తిరిగిన తిరుగుడికి, అడిగిన ప్రతిచోటా రేపు రమ్మన్నందుకు, ఖాళీ కుర్చీల ముందు కూర్చున్న రెండు రోజులకు, 6.4 ఉన్నామె ప్రశ్నకు, అన్నిటికీ కలిపి ఏడ్చాను. జూనియర్లు చూస్తున్నారని కూడా అనిపించలేదు. ఆవిడ ఒక్క ప్రశ్న అడగలేదు. నీళ్లు పోస్తూ, ఇంకో చేత్తో నా నుదుటి మీద జుట్టు పైకి తోస్తూ ఉంది, అంతే. లేచాక చూస్తే పక్కన బిందె ఖాళీ. ఆ గుడారంలో ఆ రాత్రికి తాగడానికి పెట్టుకున్న నీళ్లు అవి. నీళ్లు పట్టుకోవాలంటే దూరం నడవాలి.

వెళ్లబోయే ముందు, మీకు స్క్రీనింగ్ ఎప్పుడు చేద్దాం అక్కా అని అడిగాను. "నాకేం సేస్తారు మా? నాకు సంచి లేదు" అంది. ఇరవై ఏడేళ్ల వయసులో తెల్లబట్ట అవుతోందని వెళ్తే ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారట. ముందు ఏ పరీక్షా చేయలేదట. "అప్పట్నుంచీ నడుము ఇంతే. నన్ను ముందు ఎవరూ సూడలేదు. వీళ్లనన్నా సూడండి."

తెల్లబట్టకు చాలావరకు ఇన్ఫెక్షన్లే కారణం, మందులతో తగ్గుతాయి. అయినా దేశంలో గర్భసంచి ఆపరేషన్లు బాగా ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయి. కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఆ అంకె ఎన్నోసార్లు చదివాను, పరీక్షలో రాశాను. ఆ మనిషి ఒళ్లో తల పెట్టుకున్నాక గానీ దాని బరువు తెలియలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులూ సాయంత్రాలు ఆవిడే ఆటోలో ఐదుగురు, ఆరుగురు చొప్పున ఆడవాళ్లను ఉపకేంద్రానికి తీసుకొచ్చింది. గర్భాశయ ముఖద్వారం మీద పలచని ఎసిటిక్ యాసిడ్ రాసి ఒక నిమిషం ఆగితే మచ్చ తెల్లగా తేలుతుందా లేదా చూసే పరీక్ష అది. నొప్పి ఉండదని మేం ఎంత చెప్పినా నమ్మనివాళ్లు ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుంటే చాలు, లోపలికొచ్చారు. కిటికీకి తలుపు లేకపోతే తన చీర కట్టింది. నలుగురికి తెల్ల మచ్చ కనిపించింది. అది క్యాన్సర్ అని కాదు, ఇంకో పరీక్ష చేయించాలని అర్థం. వాళ్లకు అది అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆవిడే.

ఒక బాధ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఈ ఆడవాళ్లు ఏ లిస్టులోనూ లేరు. సొంతూరి లిస్టులో పేరుంది, మనిషి లేదు. ఇక్కడ మనిషి ఉంది, పేరు లేదు. ఐరన్ మాత్రల కోసం వెళ్తే ఇక్కడి వాళ్లకే స్టాకు సరిపోదు, బయటివాళ్లకు ఎలా ఇస్తామన్నారు. అందులో ఐదో నెల గర్భిణి కూడా ఉంది, ఆమె కార్డు ఊళ్లో ఉండిపోయింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతమందికి ఉన్న జబ్బుకి మాత్ర ఇవ్వడానికి నీది ఏ ఊరని అడగాలా? మాకు బస్సు కావాలంటే సంతకాల కోసం ఆఫీసుల చుట్టూ తిప్పారు, చివరికి డీజిల్ డబ్బులు మేమే వేసుకున్నాం. ప్రారంభోత్సవానికి శాలువాలకీ దండలకీ ఖర్చు పెట్టగలిగినవాళ్లు, పరీక్ష స్ట్రిప్పులు అయిపోయాయంటే మాత్రం వచ్చే నెల చూద్దామన్నారు. ఆ నలుగురూ పై పరీక్షకు పట్నం పోవాలంటే రెండు రోజుల కూలి పోతుంది. పంపడానికి బండి లేదు. ఇదంతా ఎవరినో తిట్టాలని రాయడం లేదు. చదివేవాళ్లలో ఎవరి చేతిలోనైనా దీన్ని మార్చే వీలుంటే మార్చమని అడుగుతున్నాను.

అమ్మా, నాన్నా, మీ గురించి వేరే ఏం రాయను. పులిహోర డబ్బా అందింది. తమ్ముడు రాత్రిళ్లు మేలుకుని పోస్టర్లు చేసిపెట్టాడు. నా బ్యాచ్‌మేట్స్ ఇరవై ఐదు మందికీ థాంక్స్, మనం మనం చూసుకుందాం.

ప్రతి సాయంత్రం ఏడున్నర దాకా ఉపకేంద్రం తాళాలు వేయకుండా మా కోసం ఉన్న ఏఎన్ఎం గారికి దండాలు, ఆవిడకు ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు. సెలవు పెట్టుకుని మరీ వచ్చి స్క్రీనింగ్ దగ్గరుండి చేయించిన గైనిక్ పీజీ అక్కకి కూడా.

అయ్యో, స్కూలు హెడ్మాస్టరు గారిని మర్చిపోయాను. బల్లలు ఆయనే ఇప్పించారు. ఆశా అక్కలు ముగ్గురు, లిస్టులో లేనివాళ్ల పేర్లు కూడా సొంత నోటుబుక్కులో రాసుకున్నారు. స్ట్రిప్పులు అయిపోయిన రోజు రెండు డబ్బాలు అప్పుగా ఇచ్చిన మెడికల్ షాపు అన్న, ఆ డబ్బులు ఈ వారంలో ఇచ్చేస్తాను. కూలి కోయకుండా ఉండి, బిందె సంగతి తెలిశాక గుడారాలకు నీళ్ల ట్యాంకర్ పంపిన రైతు గారు. 6.4 ఉన్న ఆమెను మర్నాడు ఆస్పత్రిలో చేర్పించేదాకా వెంట ఉన్న ఆటో డ్రైవరు, ఆయన కిరాయి తీసుకోలేదు. రక్తం ఇచ్చిన ఇద్దరు జూనియర్లు.

ఇంకో పిల్లాడున్నాడు. మూడో రోజు చీకటి పడి కరెంటు లేకపోతే మా టేబుల్ దగ్గర సెల్‌ఫోన్ లైటు పట్టుకుని గంటసేపు నిలబడ్డాడు. చెయ్యి నొప్పెడితే ఇంకో చేతికి మార్చుకున్నాడు గానీ లైటు దించలేదు. ఎనిమిదేళ్లుంటాయేమో. పేరు అడగలేదు. గురువారం ఆ నలుగురిని పై పరీక్షకు తీసుకెళ్లడానికి మళ్లీ వెళ్తున్నాం, అప్పుడు అడుగుతాను.