ట్రైనింగ్ ఫైల్లో ఉంది, బల్ల మీద లేదు

సంపాదకులకు,

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో పదకొండేళ్లుగా క్వాలిటీ చూస్తున్నాను. ఆడిట్ దగ్గరపడిందంటే మా దగ్గర ట్రైనింగ్ హడావుడి మొదలవుతుంది. ఈసారి వచ్చిన సారు రొయ్యలు ఒలిచే పని గురించి రెండు గంటలు ఇంగ్లీషు స్లైడ్లు చూపించారు. పీలింగ్‌కి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి తెలుగు చదవడమే కష్టం. పరీక్ష కాగితాలు ఎవరు నింపారో చెప్పక్కర్లేదు, పెన్ను నా చేతిలోనే ఉంది. అందరికీ పదికి తొమ్మిది వేశాను. పదికి పది వేస్తే అనుమానం వస్తుంది కదా! వేలిముద్రలు, గ్రూప్ ఫొటోతో ఫైలు రెడీ.

మర్నాడు మధ్యాహ్నం ఒలిచిన రొయ్యల్లోంచి ఒక కిలో తీసి, నరం పూర్తిగా రానివి ఎన్నో లెక్కపెట్టాను. మేం నరం అంటాం గానీ అది రొయ్య పేగు. వీపులో సూది గుచ్చి మెల్లగా ఎత్తితే దారంలా మొత్తం వచ్చేస్తుంది. గబుక్కున లాగితే సగంలో తెగి, తోక దగ్గర నల్లటి ముక్క ఉండిపోతుంది. అలాంటివి పద్నాలుగు తేలాయి. ట్రైనింగ్‌కి ముందు రోజు లెక్కపెడితే పదమూడు!

ఆ తర్వాత నెల రోజులు పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పొద్దున మూడో నాలుగో ఉండేవి. తప్పులన్నీ భోజనాల తర్వాతే. అంటే వాళ్లకి పని రాక కాదు. కూలి కిలోల లెక్కన, సాయంత్రం వ్యాను వచ్చేలోపు కిలోలు పెరగాలి. పైగా ఆ వేళకి టబ్బుల్లో ఐసు కరిగి రొయ్య మెత్తబడుతుంది, పేగు ఇట్టే తెగుతుంది. ఎన్నో ఏళ్లుగా ఒలుస్తున్న ఒక పిన్ని తేల్చి చెప్పేసింది: "నువ్వు ఐసేయించమ్మా, నరం సంగతి నేను చూసుకుంటా."

ట్రైనింగ్ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ప్రొఫెసర్ 1959లోనే రాశారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, దానివల్ల ఏం ఒరిగింది. మా ఫైలు రెండో మెట్టు దగ్గరే ఆగింది, అదీ నేను రాసిపెట్టిందే. కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 డిగ్రీలకన్నా కాస్త వేడెక్కితే మేనేజరు దాకా ఫోన్లు వెళ్తాయి. చేతిపనికి మాత్రం ఏడాదికోసారి కాగితం.

ఆడిట్‌కి వచ్చేవాళ్లకి నా మనవి: ఫైలు అడిగే ముందు, మధ్యాహ్నం మూడింటికి ఏదో ఒక బల్ల మీంచి కిలో రొయ్యలు తీసి లెక్కపెట్టండి. వచ్చేటప్పుడు మాకు ముందుగా చెప్పకండి.

– ఒక క్వాలిటీ సూపర్‌వైజర్, పశ్చిమ గోదావరి జిల్లా