మేడారం ఎప్పుడు పోవాలంటే

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. బాబు పుట్టువెంట్రుకలు మేడారంలోనే తీయించాలని అమ్మ అంటోందనీ, వాడి ఎత్తు బంగారం, అంటే వాడి బరువంత బెల్లం, కూడా మొక్కుకుందనీ రాశావు. మంచి మాట. కానీ చివర్న "మాఘ పున్నమి ఏ తారీఖో చూసి టికెట్లు కొనేస్తా" అన్నావు చూడు, అక్కడ ఆగు. పున్నమిని పట్టుకుని టికెట్ కొంటే దెబ్బతింటావు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర లెక్క బుధవారంతో మొదలవుతుంది. 2022లో పున్నమి బుధవారమే పడింది కాబట్టి ఆ రోజే, ఫిబ్రవరి 16న, జాతర మొదలైంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగితే పున్నమి ఆఖరి రోజు శనివారం వచ్చింది. 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది, పున్నమేమో ఆ మర్నాడు. అంటే పున్నమికి దగ్గర్లో బుధ, గురు, శుక్ర, శనివారాలు నాలుగూ జాతర రోజులు. ఏ బుధవారమన్నది మేడారం కోయ పూజారులు, అదే మన వడ్డెలు, కూర్చుని తేలుస్తారు. వాళ్ళు చెప్పాకే టికెట్ కొను. ఇంకో సంగతి, పెద్ద జాతర రెండేళ్ళకోసారే. 2027లో వచ్చేది చిన్న జాతర. అప్పుడు పూజలుంటాయి, జనం వస్తారు, మొక్కులు తీరుతాయి, కానీ అమ్మలు, అంటే సమ్మక్క, ఆమె కూతురు సారలమ్మ, గద్దెల మీదికి రారు. పెద్దది 2028 మాఘంలో.

"అమ్మలు రావడం" అన్న దాన్ని నువ్వు సరిగ్గా పట్టుకుంటే మిగతా ఏర్పాట్లన్నీ వాటంతట అవే కుదురుతాయి. మనం మామూలుగా తిరుపతికో వేములవాడకో పోతే దేవుడు అక్కడే ఉంటాడు, మనం పోయి చూసి వస్తాం. మేడారంలో అలా కాదు. జాతర జరిగే చోట గుడి లేదు, విగ్రహం లేదు. చెట్ల కింద గద్దెలున్నాయి. రెండేళ్ళలో ఈ నాలుగు రోజులే అమ్మలు అడవిలోంచి ఊళ్ళోకి వచ్చి గద్దెల మీద కూర్చుని మళ్ళీ వెళ్ళిపోతారు. కుంకుమ భరిణె, వెదురు, అంతే రూపం. అందుకే ఏ రోజు పోతే ఏం దొరుకుతుందో ముందు తెలుసుకోవాలి.

బుధవారం సారలమ్మ వస్తుంది. కన్నెపల్లి మేడారానికి మూడు కిలోమీటర్ల దూరం. సాయంత్రం పొద్దు వాలాక అక్కడి గుడిలోంచి కాక వంశం పూజారులు అమ్మను బయటికి తెస్తారు. దారి పొడుగునా తడిబట్టలతో ఆడవాళ్ళు నేల మీద పడుకుని ఉంటారు, పూజారి వాళ్ళ మీదుగా దాటుకుంటూ నడుస్తాడు. పిల్లలు కావాలని వరం పట్టడం అంటారు దాన్ని. అమ్మ జంపన్న వాగు దాటి గద్దె చేరేసరికి బాగా రాత్రవుతుంది. అదే రాత్రికి ఇంకో ఇద్దరు వస్తారు: పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కొండాయి నుంచి సారలమ్మ భర్త గోవిందరాజు. పూనుగొండ్ల పెనక వంశం వాళ్ళు ఒక రోజు ముందే బయలుదేరి అడవి దారిన కాలినడకన వస్తారు. ఆ నడకలో ఆడంబరం ఏమీ ఉండదు. డోలు, పడగ, పసుపు నీళ్ళు, కాళ్ళకు చెప్పుల్లేని మనుషులు. నాకు జాతర మొత్తంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

గురువారం సమ్మక్క రాక. ఇది అసలు ఘట్టం. పొద్దున్నే వడ్డెలు అడవికి పోయి కొత్త వెదురు తెచ్చి గద్దె మీద నిలబెడతారు, దాన్నే వనం తేవడం అంటారు. సాయంత్రం చిలకలగుట్టకు పోతారు. గుట్ట మొదటి దాకా బృందం పోయినా, పైకి మాత్రం ప్రధాన పూజారి ఒక్కడే ఎక్కుతాడు. అమ్మ ఎక్కడుంటుందో, ఆయన ఏం చేస్తాడో మరొకరికి తెలియదు, అడగరు కూడా. ఆయన భరిణెతో దిగి రాగానే ములుగు జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకీ పేలుస్తారు. ఆ చప్పుడు వింటే చాలు, లక్షల గొంతులు ఒక్కసారి లేస్తాయి. అమ్మ పూనిన శివసత్తులు ఊగిపోతారు. దారికి అటూ ఇటూ జనం కోళ్ళను పైకి ఎగరేస్తారు, ఎదురుకోళ్ళు అంటే అవే. పూజారి చుట్టూ పోలీసులు మోకులతో వలయం కట్టి, నడక కాదు, దాదాపు పరుగు మీద గద్దె దాకా తెస్తారు. ఆ దారిలో నిలబడాలంటే మధ్యాహ్నం నుంచే చోటు చూసుకోవాలి. వలయం దగ్గరికొచ్చేసరికి వెనకవాళ్ళు ముందుకు తోస్తారు, ముందువాళ్ళను పోలీసులు వెనక్కి తోస్తారు. పిల్లలు, ముసలివాళ్ళు నలిగేది ఆ రెండు నిమిషాల్లోనే. అందుకని బాబును ఎత్తుకుని ఆ దారిలో నిలబడొద్దు. ఇది మొహమాటం లేకుండా చెప్తున్నా.

శుక్రవారం నలుగురూ గద్దెల మీద ఉంటారు. అందరికీ ఆ రోజే కావాలి, అందుకే ఆ రోజంత రద్దీ మరే రోజూ ఉండదు. శనివారం సాయంత్రం వనప్రవేశం. ఎవరి చోటికి వాళ్ళు తిరిగి వెళ్ళిపోతారు. తర్వాతి బుధవారం తిరుగువారం పండుగ చేసి వడ్డెలు జాతర ముగిస్తారు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, బాబుకు మూడేళ్ళు. నా మాట వింటే మొక్కును, రాకను విడదీయి. జాతరకు రెండు వారాల ముందు బుధవారం గుడిమెలిగె, వారం ముందు బుధవారం మండమెలిగె జరుగుతాయి. అమ్మల గుళ్ళు, గద్దెలు అలికి ముగ్గులు పెట్టి, దిష్టి తోరణాలు కట్టి ఊరిని జాతరకు సిద్ధం చేస్తారు. ఈ రోజుల్లో చాలామంది ఆ వారాల్లోనే వచ్చి ముందస్తు మొక్కులు తీర్చుకుంటున్నారు. గద్దెల దగ్గర తోపులాట తక్కువ, వాగు దగ్గర చోటు దొరుకుతుంది, బండి దగ్గరి దాకా పోతుంది. అమ్మనూ బాబునూ అప్పుడు తీసుకురా. తలనీలాలు, బంగారం అన్నీ అప్పుడే అయిపోతాయి. గురువారం నువ్వొక్కడివీ రా, సమ్మక్క రాక చూడు. అమ్మలు గద్దెల మీద లేనప్పుడు మొక్కు తీర్చితే చెల్లుతుందా అని అమ్మ అడుగుతుంది. చెల్లుతుంది. ఏడాది పొడుగునా బుధ, ఆదివారాల్లో జనం వచ్చి గద్దెలకే మొక్కు చెల్లిస్తూనే ఉంటారు.

బంగారం సంగతి. బాబును తూచి, బరువు తగ్గించకుండా పైకి సరిచేసి బెల్లం కొనండి. వాడు పన్నెండున్నర ఉంటే పదమూడు కిలోలు. తూకం ఇంటి దగ్గర వేసినా, మేడారంలో దుకాణం కాంటా మీద వేసినా ఒకటే. నా సలహా ఇంటి దగ్గరే, ఇష్టంగా, నింపాదిగా వేయండి. జాతర కాంటా దగ్గర పిల్లవాడు ఏడుస్తాడు, తూకం ఊగుతుంది, ధర కూడా ఎక్కువే. కొనేటప్పుడు ఆధార్ కార్డు వెంట ఉంచుకో. గుడుంబాకు మళ్ళుతుందని ఎక్సైజు వాళ్ళ నిఘా ఉంటుంది, ఎక్కువ మొత్తంలో కొంటే దుకాణదారు వివరాలు రాసుకుంటాడు. గట్టి దిమ్మె తీసుకో, మెత్తబడ్డ బెల్లం దారిలో కారి సంచికి పట్టేస్తుంది, చీమలు చేరతాయి. పదమూడు కిలోలూ ఒకే గోనెలో కట్టొద్దు. క్యూలో భుజం మీద మోస్తూ అడుగులో అడుగేసి నడవాలి. మూడు నాలుగు గుడ్డ సంచుల్లో పంచి తలా ఒకటి పట్టుకోండి. ములుగు తర్వాత వచ్చే పస్రా దాటాక అడవి దారిలో బండి ఆపితే సంచి కిటికీ దగ్గర పెట్టొద్దు, కోతులు వదలవు.

గద్దెల దగ్గర జరిగే పెద్ద తప్పేమిటంటే, దగ్గరికి పోలేక జనం బెల్లం ముద్దలూ కొబ్బరికాయలూ దూరం నుంచే విసురుతారు. అవి ముందున్న వాళ్ళ తలలకు తగులుతాయి, గద్దెల మీద పనిచేసే వాళ్ళకు దెబ్బలవుతాయి. కింద పడ్డ బెల్లం, కొబ్బరినీళ్ళు, పసుపు కలిసి నేల జారుడుగా మారుతుంది, అందరూ వట్టి కాళ్ళతోనే ఉంటారు. ఆ జారుడు మీద అమ్మ పడితే మళ్ళీ లేపడం కష్టం. మీవాళ్ళలో ఒకరు అమ్మ చెయ్యి పట్టుకునే పని తప్ప ఇంకేం పెట్టుకోవద్దు. బెల్లం విసరకుండా కంచె దగ్గరున్న వాళ్ళ చేతికివ్వండి. ఇచ్చేముందు ఒక ముక్క గద్దెకు తాకించో చూపించో వెనక్కి తీసుకోండి, ప్రసాదం అదే. పసుపు కుంకుమ కూడా కాస్త తీసుకుని కొంగున కట్టుకోమను.

అమ్మ ఒడిబియ్యం కూడా పోస్తానంటే, కిలోంబావు బియ్యానికి పసుపు పట్టించి, రెండు కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపుకొమ్ములు, ఒక రవికెగుడ్డ కలిపి ఇంటి దగ్గరే మూట కట్టి తెచ్చుకోండి. చీర పెట్టాలనుకుంటే సమ్మక్కకూ సారలమ్మకూ విడివిడిగా రెండు. మరీ ఎక్కువ సామాను పెట్టుకుంటే చెయ్యి ఖాళీ ఉండదు, పిల్లవాణ్ణి ఎవరు ఎత్తుకోవాలి?

తలనీలాలు జంపన్న వాగు దగ్గర. ఒకప్పుడు దాని పేరు సంపెంగ వాగు. కాకతీయుల సైన్యంతో పోరులో సమ్మక్క కొడుకు జంపన్న అందులో పడి ప్రాణం విడిచాడని, వాగు ఎర్రబారిందని కోయలు పాడుకుంటారు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చిందనీ, గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైందనీ, వెతుకుతూ పోయిన వాళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికిందనీ కథ. అమ్మ బాబుకు చెప్తుందిలే. మాఘమాసానికి వాగులో నీళ్ళు సన్నబడతాయి, జాతరకు లక్నవరం చెరువు నుంచి వదులుతారు, గట్ల మీద నల్లాలు కూడా పెడతారు. బాబుకు నల్లా కింద స్నానం చేయించు. వాగులో ఇసుక తోడిన చోట్ల గుంతలుంటాయి, పైకి నీళ్ళు మోకాలి లోతే కనిపిస్తాయి కానీ పక్కడుగు నడుము లోతు ఉండొచ్చు. మంగలి దగ్గర కొత్త బ్లేడు పెట్టించు, నీ కళ్ళముందే. గుండు చేసిన తలకు పసుపు రాసి టోపీ పెట్టండి, రాత్రిళ్ళు అడవి చలి ఎక్కువ. దుప్పట్లు, ఉన్నిబట్టలు మరవొద్దు.

దారి గురించి. హైదరాబాద్ నుంచి జనగామ, హన్మకొండ, ములుగు. హన్మకొండ నుంచి సుమారు 110 కిలోమీటర్లు. ములుగు చేరేముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టి బండికి కుంకుమ పెట్టించాకే ముందుకు పోవాలి, అది ఎవరూ తప్పని ఆనవాయితీ. జాతర రోజుల్లో ఆర్టీసీ బస్సులు తాడ్వాయి మీదుగా పోతాయి, సొంత బండ్లను పస్రా దగ్గర మళ్ళించి నార్లాపూర్ మీదుగా పంపుతారు. తిరుగు దారి వేరు, బయ్యక్కపేట, భూపాలపల్లి, పరకాల మీదుగా. అడవి రోడ్డు కాబట్టి ఎదురెదురు బండ్లు పడితే గంటల కొద్దీ కదలవని ఈ ఏర్పాటు. అందుకే గట్టమ్మను తిరుగులో చూద్దాంలే అనుకుంటే కుదరదు. గురువారం నువ్వు ఆర్టీసీలోనే రా. బస్సు గద్దెలకు దగ్గర్లో దింపుతుంది, కారు పార్కింగు దగ్గర్నుంచి మాత్రం బాగా నడవాలి. తిరుగు ప్రయాణానికి శుక్రవారం రాత్రి ఎంచుకోవద్దు, మొక్కు తీరినవాళ్ళంతా అప్పుడే బయల్దేరతారు.

జాతరలో ఫోను పనిచేస్తుందని నమ్మొద్దు. జనం పెరిగేకొద్దీ సిగ్నల్ పోతుంది. దిగగానే ఒక గుర్తు చెప్పుకోండి, ఏ వాటర్ ట్యాంకో, ఏ నంబరు స్తంభమో, తప్పిపోతే అందరూ అక్కడికే రావాలి. బాబు మోచేతి మీద నీ నంబరు పెన్నుతో రాసెయ్, కాగితం జేబులో పెడితే స్నానంలో పోతుంది.

మేకనో కోడినో మొక్కితే గద్దెల దగ్గర కాదు, మీరు దిగిన చోట, డేరా దగ్గర కోసుకోవాలి. మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకుని, తినగా మిగిలింది పక్క డేరా వాళ్ళకు పెట్టండి. వచ్చే ముందు పొయ్యి నీళ్ళు పోసి ఆర్పేయండి. అది ఏటూరునాగారం అభయారణ్యం, ఎండుటాకుల కాలం. ప్లాస్టిక్ కవర్లు కూడా తిరిగి మీ సంచిలోనే తెచ్చుకోండి. జాతర అయ్యాక ఆ చెత్తలో బతకాల్సింది కోయగూడేలవాళ్ళు, వాళ్ళ పశువులు. నాలుగు రోజులు వాళ్ళ ఇంటికి చుట్టాలుగా పోతున్నామని గుర్తుంటే చాలు.

ఇంటికొచ్చాక ప్రసాదం బెల్లం చిన్న ముక్కలు చేసి వాడకట్టంతా పంచాలి, దాచుకోకూడదు. నాకు వచ్చే భాగం హన్మకొండలో బస్సు మారేటప్పుడు ఇచ్చి పో. వడ్డెలు తేదీలు చెప్పగానే నేను రాస్తాను, ఈలోగా అమ్మ ఎన్ని మొక్కులు మొక్కిందో ఒక కాగితం మీద రాయించి పంపు, సామాను లెక్క నేను కడతాను.

నీ
రవి