గడ్డకట్టిన పైపు మీద వేడినీళ్లు పోయకండి

సంపాదకుడు గారికి,

మేం డాలస్ దగ్గర ఉంటాం. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయింది, తెల్లారి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. గడ్డకట్టిన పైపు మీద సలసలా కాగే నీళ్లు పోద్దామన్నారు మా ఆయన. ఒక్కసారిగా అంత వేడి తగిలితే పైపు పగలొచ్చు, వద్దన్నాను. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పైపు అప్పటికే పగిలి ఉంటే ఆ సంగతి మంచు కరిగాకే తెలుస్తుంది, అందుకే కరెంటు వచ్చాక నీళ్లు కారితే వెంటనే కట్టేయడానికి ఆయన్ని మెయిన్ వాల్వ్ (ఇంటికొచ్చే నీళ్లన్నీ ఆపేది) దగ్గర రెంచీతో నిలబెట్టి, కుళాయి తెరిచి, హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి వైపు నుంచే వెనక్కి మెల్లగా వేడి చేసుకుంటూ వెళ్లాను. గంటన్నర! ముందు బుడబుడమని గాలి, తర్వాత నీళ్లు.

ఇక్కడ అమెరికాలో ఉన్న మీ పిల్లలకు మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చూసుకోమనండి. గట్టి చలి రాత్రుల్లో మేం పైపులు గడ్డకట్టకుండా, గది వెచ్చదనం వాటికి తగిలేలా సింకు కింది తలుపులు తీసి, కుళాయి సన్నగా కారనిస్తాం. నీళ్లు వృథా అని గుంటూరు నుంచి అత్తయ్య ఇప్పటికీ తిడతారు.

ఒక పాఠకురాలు, టెక్సాస్