కోడ్ చూసి వాల్వ్ మార్చేయడం ఇకనైనా ఆపాలి

సంపాదకులకు నమస్కారం,

డీజిల్ కార్లో చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా, స్కానర్ పెట్టారా, అందులో ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాస్‌ని కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) అని ఫాల్ట్ కోడ్ కనిపించిందా, ఇంక వాల్వ్ మార్చేయడమే, ఇదే పద్ధతి అయిపోయింది. కొత్త వాల్వ్ వేశాక కొన్నాళ్ళకి మళ్ళీ అదే లైట్ వస్తుంది, అప్పుడు సెన్సార్ పోయిందంటారు, ఆ తర్వాత డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టర్) జామ్ అయిందంటారు, ఇంతా చేసి గాలి లోపలికి వెళ్ళే దారిలో మూసుకుని తెరుచుకునే త్రాటిల్ ఫ్లాప్ కదులుతోందా లేదా అని మాత్రం ఎవరూ చూడరు. బండి ఓనర్లకీ, ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నా, కాస్త పెద్ద లెటరే, దయచేసి వేయండి.

డీజిల్ ఇంజిన్‌కి త్రాటిల్ ఎందుకండీ అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, అడగడంలో తప్పేం లేదు. పెట్రోల్ బండిలో గాలిని తగ్గించి పెంచి పవర్ కంట్రోల్ చేస్తారు, డీజిల్‌లో ఇంజెక్టర్ ఎంత కొడితే అంత పవర్, గాలికి అడ్డం పెట్టాల్సిన పని లేదు. కానీ ఎగ్జాస్ట్ నుంచి కొంత గ్యాస్‌ని మళ్ళీ ఇంజిన్‌లోకి పంపితే లోపల మంట వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ తయారవుతాయి, అందుకోసమే ఈజీఆర్ పెట్టారు. ఆ గ్యాస్ లోపలికి రావాలంటే ఇంటేక్ (గాలి లోపలికి వచ్చే) వైపు ప్రెషర్ ఎగ్జాస్ట్ కన్నా తక్కువ ఉండాలి కదా, ఫ్లాప్ కొంచెం మూసుకుని ఆ తేడా తెస్తుంది. డీపీఎఫ్‌లో మసి కాల్చేటప్పుడు గాలి తగ్గించి ఎగ్జాస్ట్ వేడి పెంచడం కూడా దీని డ్యూటీనే. చాలా బళ్ళలో ఇంజిన్ ఆపగానే గాలి మూసేసి, కుదుపు లేకుండా ఆగేలా చేసేది కూడా ఇదే.

ఇప్పుడు పి0401 అనే కోడ్ తీసుకోండి. ఈజీఆర్ ఫ్లో సరిపోవట్లేదు అని దాని అర్థం. వాల్వ్ పోయింది అని ఎక్కడా లేదు. చాలా డీజిల్ బళ్ళలో ఆ ఫ్లోని నేరుగా కొలిచే సెన్సారే ఉండదు, ఎయిర్ ఫ్లో సెన్సార్ చెప్పే గాలి లెక్కని బట్టి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) అంచనా వేసుకుంటుంది, ఎగ్జాస్ట్ గ్యాస్ లోపలికి ఎంత వస్తే బయటి నుంచి గాలి అంత తగ్గాలి, తగ్గకపోతే కోడ్ పడేస్తుంది. ఎందుకు తగ్గలేదు అంటే వాల్వ్ తెరుచుకోకపోవచ్చు, పైపులో గానీ ఈజీఆర్ కూలర్‌లో గానీ కార్బన్ పేరుకుని ఉండొచ్చు, ఎయిర్ ఫ్లో సెన్సారే తప్పు చెప్తుండొచ్చు, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు లీక్ ఉండొచ్చు, లేదా ఫ్లాప్ మూసుకోకుండా అలాగే నిలబడిపోయి ఉండొచ్చు. ఇన్ని కారణాలకీ ఒకే కోడ్ వస్తుంటే కోడ్ చూసి పార్ట్ ఎలా ఆర్డర్ పెడతారు?

తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో పెట్టి స్కానర్‌తో ఈజీఆర్ వాల్వ్‌ని తెరవమని కమాండ్ ఇవ్వండి, లైవ్ డేటాలో గాలి లెక్క తగ్గాలి, మూయమంటే పెరగాలి. వాల్వ్ పొజిషన్ కరెక్ట్‌గా మారుతోంది కానీ గాలి లెక్క కదలట్లేదంటే వాల్వ్ మోటార్‌ని అనవసరంగా అనుమానించకండి, దారి మూసుకుపోయిందా, సెన్సార్ అబద్ధం చెప్తోందా, ఫ్లాప్ పని చేయట్లేదా చూడండి. తర్వాత ఫ్లాప్‌ని కొంచెం మూయమని కమాండ్ ఇవ్వండి, మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే పైపు) ప్రెషర్ పడిపోవాలి, పడలేదంటే దొంగ దొరికినట్టే. ఇంజిన్ ఆపి కీ ఆన్‌లో పెట్టి కూడా ఫ్లాప్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పించి, అడిగిన పర్సెంటేజీ, వచ్చిన పర్సెంటేజీ పక్కపక్కన చూడండి. మోటార్ తిరుగుతున్న శబ్దం వస్తూ ఫ్లాప్ కదలకపోతే లోపల ప్లాస్టిక్ గేర్ పళ్ళు పోయాయేమో చూడాలి.

పార్ట్ మార్చే ముందు కనెక్టర్ విప్పి చూడటం మర్చిపోవద్దు. పిన్నులకి తుప్పు, లోపలికి దిగిన ఆయిల్, ఎక్కడో రాసుకుని ఒరిసిపోయిన వైరు, ఇవన్నీ కొత్త పార్ట్ వేసినా అలాగే ఉంటాయి. పొజిషన్ సెన్సార్‌కి మామూలుగా 5 వోల్టుల సప్లై, గ్రౌండ్, సిగ్నల్ ఉంటాయి, సిగ్నల్ వోల్టేజ్ ఫ్లాప్‌తో పాటు ఎక్కడా ఎగరకుండా నెమ్మదిగా మారాలి. బ్యాటరీ వీక్‌గా ఉన్నా ఇలాంటి కోడ్లు వస్తాయి, కాబట్టి ముందు దాని సంగతి చూడాలి. వాక్యూమ్‌తో నడిచే పాత రకం అయితే చేతి వాక్యూమ్ పంపు పెట్టి డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) వాక్యూమ్‌ని పట్టి ఉంచుతోందా, పైపులు ఎండి పగిలాయా చూస్తే సరిపోతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏంటంటే, ఫ్లాప్‌కి కరెంట్ అందకపోతే చాలా బళ్ళలో స్ప్రింగ్ దాన్ని పూర్తిగా తెరిచేస్తుంది, బండి బాగానే లాగుతుంది, పొగ కూడా ఏమంత కనిపించదు, లైట్ ఒక్కటే వెలుగుతుంది, బండి బాగుంది కదా అని ఓనర్ వదిలేస్తాడు. కానీ అటు డీపీఎఫ్‌లో మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, ఫ్లాప్ లేకుండా ఆ వేడి రావడం కష్టం, అసలు ఈ ఫాల్ట్ ఉండగా కొన్ని ఈసీయూలు రీజెన్, అంటే ఆ మసి కాల్చే పని, మొదలే పెట్టవు. అలా మసి నిండి నిండి చివరికి బండి పవర్ తగ్గించుకుని లింప్ మోడ్‌లోకి వెళ్తుంది, అప్పుడు డీపీఎఫ్ పోయిందని తేలుస్తారు. తప్పు ఒకదానిది, శిక్ష ఇంకోదానికి.

క్లీనింగ్ గురించి రెండు ముక్కలు. ఫ్లాప్‌ని విప్పి బయటపెట్టి కడగండి, నడుస్తున్న డీజిల్ ఇంజిన్ ఇంటేక్‌లోకి మండే స్ప్రే కొట్టకండి, అదే ఇంధనమై ఇంజిన్ కంట్రోల్ తప్పి పరిగెత్తే ప్రమాదం ఉంది. చేత్తో బలవంతంగా తిప్పకండి, గేర్లు విరుగుతాయి. కరెంట్ ఉండగా అందులో వేలు అసలు పెట్టకండి.

ఈజీఆర్‌కి ప్లేట్ వేసి మూసేస్తాం, సాఫ్ట్‌వేర్‌లో తీసేస్తాం అని చెప్పేవాళ్ళ మాట వినకండి. లైట్ ఆరుతుంది కానీ ఆ నైట్రోజన్ ఆక్సైడ్లు మన పిల్లలు పీల్చే గాలిలోకే వస్తాయి.

పార్ట్ మార్చాక స్కానర్‌తో అడాప్టేషన్ చేయాల్సిన బళ్ళకి చేయించుకోండి, లేకపోతే కొత్త ఫ్లాప్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఈసీయూకి తెలియక మళ్ళీ కోడ్ రావచ్చు. ఓనర్లకి నేను చెప్పేది ఒకటే, పాత పార్ట్ విప్పకముందు కమాండ్ ఎంత, అసలు పొజిషన్ ఎంత, గాలి లెక్క ఎంత, కొత్తది వేశాక ఎంత అనేది బిల్లు మీదే రాసివ్వమని అడగండి. టెస్ట్ చేసినవాళ్ళ దగ్గర ఆ నంబర్లు ఎలాగూ ఉంటాయి.

ఇట్లు,
డీజిల్ బళ్ళ పనిలో ఉన్న మీ పాఠకుడు