ఆ తరగతి గదికి ఇంకొక మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలులో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నిరుడు జూన్ నుంచి తిరుపతిలో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక అంగన్‌వాడీకి వారానికి మూడు రోజులు సాయానికి వెళుతున్నాను. పిల్లలు 22 మంది. వారిలో నలుగురు ప్రత్యేక అవసరాలున్నవారు. ఒక పాప చెవికి మిషన్ పెట్టుకుంటుంది. ఇంకొక పాపకు డౌన్ సిండ్రోమ్, ఒక బాబుకు ఆటిజం. నాలుగో బాబుకు సెరిబ్రల్ పాల్సీ. మెడ నిలపడమే వాడికి కష్టం.

ఆ బాబు అన్నం తినే వేళను చూసిన తర్వాతే ఈ ఉత్తరం రాయాలనిపించింది. అన్నం మెత్తగా కలపాలి. వాణ్ని వీపు నిటారుగా ఉండేలా ఆనించి కూర్చోబెట్టాలి. ఒక ముద్ద మింగాడని చూసుకున్నాకే ఇంకో ముద్ద పెట్టాలి. తొందరపడితే పొలమారుతుంది, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. నలభై నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో ఆయా వడ్డించాలి, చేతులు కడిగించాలి, గిన్నెలు చూసుకోవాలి. టీచరమ్మ మిగతా 21 మందిని కనిపెట్టుకుని ఉండాలి. నేను వెళ్లని రోజున వాళ్లమ్మ కూలి మానుకుని వస్తుంది. రాలేకపోతే బాబును ఇంట్లోనే ఉంచేస్తుంది. ఒక పిల్లవాడు బడికి రావడం నా తీరిక మీద ఆధారపడి ఉండడం ఎంత అన్యాయం!

అందరితో కలిసి కూర్చుంటే ఈ పిల్లలు ఎంత నేర్చుకుంటారో కళ్లారా చూస్తున్నాను. ఆటిజం ఉన్న బాబు పాట మొదలవగానే చెవులు మూసుకుని మూలకు పరుగెత్తేవాడు. మొదట పెంకితనం అనుకున్నాను. నా ఉద్యోగకాలంలో ఇలాంటి పిల్లలను ఎంతమందిని అపార్థం చేసుకున్నానో అని ఇప్పుడు బాధపడుతున్నాను. టీచరమ్మ ఆట, పాట, చేతులు కడుక్కోవడం, అన్నం అంటూ బొమ్మలు గీసి వరుసగా గోడకు అంటించింది. తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలిసేసరికి వాడి బెదురు తగ్గింది. పాట బొమ్మ దగ్గరకు రాగానే ఒక ఐదేళ్ల పిల్ల "మెల్లగా పాడండి, వాడికి చెవులు నొప్పి" అని అందరికీ చెబుతుంది. ఎవరూ నేర్పని మాట అది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపకు వేళ్ల పట్టు రావాలని మా ఇంట్లోని వామనగుంటల పీట తీసుకెళ్లాను. దసరా నాటికి చింతగింజను మునివేళ్లతో పట్టి గుంటలో వేసింది. అయితే గింజ నోట్లో పెట్టుకోకుండా ఆ పాప పక్కన ఎప్పుడూ ఒకరు కూర్చోవాలి. ఇక్కడా కొరత మనిషిదే.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్ల వయసు నుంచి వర్తిస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఉచిత విద్యను 6 నుంచి 18 ఏళ్ల వారికే, అదీ కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికే హక్కుగా ఇచ్చింది. మాట, నడక, పట్టు కుదిరే వయసేమో అంతకు ముందుది. వినికిడి లోపమున్న పసివారికి మాటలు నేర్పే శ్రవణం కేంద్రాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం ఈ ఊళ్లోనే నడుపుతోంది కాబట్టి చిన్ననాటి శిక్షణ విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అంగన్‌వాడీల్లో దివ్యాంగ చిన్నారులను ఎలా చూసుకోవాలో 2023లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయవలసింది మాత్రం అదే టీచరమ్మ, అదే ఆయా.

ఇలాంటి పిల్లలున్న ప్రతి అంగన్‌వాడీకి శిక్షణ పొందిన సహాయకురాలిని జీతమిచ్చి నియమించాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లోని ప్రత్యేక ఉపాధ్యాయులను వారానికి ఒక్కరోజైనా అక్కడికి పంపాలి. నా వంటివారి సేవ ఆ ఉద్యోగానికి బదులు కాదు, కాకూడదు.

నియామకాలు జరిగేలోగా ఒక పని చేయవచ్చు. ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం)లో చేరిన కాలేజీ విద్యార్థులు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. విశ్వవిద్యాలయాలున్న ఊరు మనది. ఆ గంటల్లో కొన్నింటిని అంగన్‌వాడీలకు కేటాయించమని అధికారులను కోరుతున్నాను. పుట్టినరోజుకు బిస్కెట్లు పంచి, ఫొటోలు తీసుకుని వెళ్లేవారి మనసు మంచిదే. కానీ కొత్త ముఖాలు వచ్చి వెళ్లిన రోజున ఆటిజం ఉన్న బాబు మళ్లీ మూలకు చేరుతున్నాడు. అందుకే వచ్చేవారు ఏడాదంతా ఒకే తరగతికి, అవే పిల్లల దగ్గరకు రావాలి. అన్నం వేళకు ముందే రావాలి.

— విశ్రాంత ఉపాధ్యాయురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి